ఒకే ప్రభుత్వం, ఎన్ని వేషాలు? బెంగళూరు స్కానర్ కథ

2025 జులైలో కొన్నాళ్లపాటు బెంగళూరులో ఒక వింత చూశాం. మారతహళ్లిలో మా వీధి చివర ఇడ్లీ బండి నడిపే మదనపల్లె అన్న, బండికి అంటించిన స్కానర్ కాగితాన్ని గరిటె కాడతో గీకి తీసేశాడు. దాని చోట ఒక అట్టముక్క కట్టాడు. ‘నో యూపీఐ, ఓన్లీ క్యాష్’ అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. చుట్టుపక్కల టీ కొట్ల మీద, పాలూ బిస్కెట్లూ అమ్మే చిన్న కాండిమెంట్స్ షాపుల మీద అదే రాత. ఫోన్‌పే కొట్టడమే తప్ప జేబులో పది నోటు పెట్టుకోవడం ఎప్పుడో మానేసిన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఏటీఎం ఎక్కడుందని ఒకరినొకరు అడుక్కున్నారు. దేశానికి ఐటీ రాజధాని అనిపించుకున్న ఊళ్లో!

కారణం అందరికీ తెలిసిందే. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ 2021-22 నుంచి 2024-25 దాకా యూపీఐ మీద వచ్చిన డబ్బు లెక్క తీసింది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే పరిమితి దాటారని వేల మంది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. మా అన్నకు నోటీసు రాలేదు. ఆ మాటే అడిగితే, “వచ్చేదాకా ఉండేదెందుకు సామీ, ముందే పీకేస్తే పోలా” అన్నాడు.

ఆ వారం ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒకటే మాట. “స్కానర్ పెట్టమన్నది వాళ్లే, పెట్టినందుకు నోటీసిచ్చిందీ వాళ్లే.” వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ‘వాళ్లు’ అంటే ఎవరు? యూపీఐని నడిపేది ఒక సంస్థ. దాని మీద పెత్తనం ఇంకో సంస్థది. ఛార్జీ వద్దన్నది కేంద్రం, నోటీసిచ్చింది రాష్ట్రం. మన ఊళ్లలో పగటివేషగాళ్లు ఒక్కో రోజు ఒక్కో వేషంలో గుమ్మం ముందుకొస్తారు కదా, డిజిటల్ వ్యవహారంలో ప్రభుత్వం రాకపోకలు కూడా అలాగే ఉంటాయి. ఏ వేషంలో ఎవరున్నారో విడదీసి చూడకపోతే పొగడ్తా తప్పు మనిషికే పోతుంది, తిట్టూ తప్పు మనిషికే పోతుంది.

మాటల చిక్కు ముందు విప్పుకుందాం

‘డిజిటల్ ఆర్థిక వ్యవస్థ’ అనే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నారు. చిన్న అర్థంలో చెబితే అది సాఫ్ట్‌వేర్ కంపెనీలు, టెలికాం, ఆన్‌లైన్ అమ్మకాలు. అంటే కంప్యూటర్ చుట్టూనే తిరిగే వ్యాపారం. పెద్ద అర్థంలో ఇడ్లీ అమ్మకం, పొలం పాసుపుస్తకం, వృద్ధాప్య పింఛను, ఆటో కిరాయి కూడా అందులోకే వస్తాయి. సరుకు పాతదే, దాని డబ్బూ లెక్కా మాత్రం ఫోన్ల గుండా నడుస్తాయి.

బెంగళూరు పెరిగింది మొదటి అర్థంలో. అందులో సర్కారు చేసిన పని తేలిగ్గానే అర్థమవుతుంది. 1976లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ పుట్టింది. ఊరికి దూరంగా 332 ఎకరాల్లో ఎలక్ట్రానిక్స్ సిటీ వేసింది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడికొచ్చి సొంత శాటిలైట్ లింకు పెట్టుకోవడానికి ఢిల్లీ ఒప్పుకుంది. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఏర్పడి, అంత డబ్బు పెట్టలేని చిన్న కంపెనీలకు కూడా అలాంటి లింకులు ఇచ్చింది. స్థలం చూపించి, తీగ ఇచ్చి, పక్కకు తప్పుకోవడం. అంతే.

రెండో అర్థంలో ప్రభుత్వం పక్కకు తప్పుకోలేదు. తప్పుకుంటే అసలు పని జరగదు. నోటీసుల గొడవ ఈ రెండో రకానిది.

ఇంకో మాట, ‘డిజిటల్ ప్రజా మౌలిక వసతి’. 2023లో జీ20 అధ్యక్ష స్థానంలో ఉన్నప్పుడు భారత్ దీన్ని బాగా వాడింది. రోడ్డనుకోండి. దాని మీద ఆర్టీసీ బస్సు పోవచ్చు, ప్రైవేటు వోల్వో పోవచ్చు, ఎడ్లబండీ పోవచ్చు. ఆధార్, యూపీఐ లాంటివి ఆ రకం రోడ్లు. ఫోన్‌పే, గూగుల్ పే వాటి మీద తిరిగే బస్సులు. మనం బస్సు పేరునే రోడ్డు పేరుగా పిలుస్తున్నాం, సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

అరవై రూపాయలు ఎంత దూరం తిరిగాయి?

ఒక ప్లేటు ఇడ్లీ, ఒక వడ. 60 రూపాయలు. నేను స్కాన్ చేసి పిన్ కొట్టాను. మూడు సెకన్లలో అన్న దగ్గరున్న సౌండ్ బాక్స్ డబ్బు వచ్చిందని అరిచింది. ఆ మూడు సెకన్లలో ఏం జరిగిందో చూద్దాం.

నా ఫోన్లో ఉన్న యాప్ ఒక ప్రైవేటు కంపెనీది. ఫోన్‌పే అనుకుందాం. ఆఫీసు బెంగళూరులోనే, ఎక్కువ వాటా అమెరికా వాల్‌మార్ట్‌ది. ఆ యాప్‌కు నా డబ్బును తాకే అధికారం లేదు. అది ఒక బ్యాంకు ద్వారా చీటీ రాసి పంపుతుంది, “ఫలానా ఖాతా నుంచి ఫలానా ఖాతాకు 60” అని. ఆ చీటీ వెళ్లేది ఎన్‌పీసీఐకి, అంటే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు. ఎన్‌పీసీఐ నా బ్యాంకును అడుగుతుంది. నా బ్యాంకు పిన్ సరిచూసి ఖాతాలో 60 తగ్గిస్తుంది. ఎన్‌పీసీఐ అన్న బ్యాంకుకు చెబుతుంది, అక్కడ 60 పెరుగుతుంది. ఆ కబురే సౌండ్ బాక్స్ నోట వినిపిస్తుంది. బ్యాంకులు వాటిలో అవి తేల్చుకోవాల్సిన డబ్బు తర్వాత విడతలవారీగా రిజర్వు బ్యాంకులో ఉన్న వాటి ఖాతాల్లో సర్దుబాటు అవుతుంది.

ఈ దారిలో ఎవరెవరు తగిలారు? ఒక ప్రైవేటు యాప్, రెండు బ్యాంకులు, ఎన్‌పీసీఐ, అందరి తల మీద రిజర్వు బ్యాంకు. ‘ప్రభుత్వ శాఖ’ అనదగ్గది ఒక్కటీ లేదు. అయినా ‘ఇది మోదీ యూపీఐ’ అనేవాళ్లున్నారు, అది మొదలైనప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ పేరు పెట్టి ‘ఇది రాజన్ యూపీఐ’ అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఎంతో కొంత ఆధారం ఉంది.

రోడ్డు వేసిందెవరు?

2007లో పార్లమెంటు చెల్లింపుల వ్యవస్థల చట్టం చేసింది. డబ్బు మార్పిడి వ్యవస్థలకు అనుమతి ఇచ్చే, అదుపు చేసే అధికారం దాంతో రిజర్వు బ్యాంకుకు వచ్చింది. 2008లో రిజర్వు బ్యాంకు, బ్యాంకుల సంఘం చొరవతో ఎన్‌పీసీఐ పుట్టింది. లాభం పంచుకోని కంపెనీ. వాటాదారులు ప్రధానంగా బ్యాంకులు, ప్రభుత్వ బ్యాంకులూ ప్రైవేటు బ్యాంకులూ కలిపి. పగటివేషాల్లో అర్ధనారీశ్వర వేషం ఒకటుంటుంది. మధ్యలో తెర పట్టుకుని ఒక పక్క శివుడిగా, ఒక పక్క పార్వతిగా కనిపిస్తాడు వేషగాడు. ఎన్‌పీసీఐ సరిగ్గా అదే. చేసేది ప్రజల పని, కాగితం మీద కంపెనీ.

ఆ సగం సగం రూపం వల్ల లాభం లేకపోలేదు. సర్కారు శాఖ అయి ఉంటే టెండర్లలో, బదిలీల్లో నలిగేది. పూర్తి ప్రైవేటు అయి ఉంటే తన యాప్‌నే ముందుకు తోసేది. 2010లో ఎన్‌పీసీఐ ఐఎంపీఎస్ తెచ్చింది, అంటే ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు అప్పటికప్పుడే డబ్బు పంపే పద్ధతి. దాని మీదనే యూపీఐ కట్టింది. 2016 ఏప్రిల్ 11న అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ దాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించారు, 21 బ్యాంకులతో.

ఆ తర్వాత ఏమైందో గమనించాలి. ఆ ఏడాది అక్టోబరులో దేశం మొత్తం మీద జరిగిన యూపీఐ లావాదేవీలు దాదాపు లక్ష. బాట సిద్ధం, బండ్లు లేవు. నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు వచ్చింది. డిసెంబరు 30న ప్రధాని యూపీఐ మీద నడిచే భీమ్ యాప్ విడుదల చేశారు. మధ్యలో నవంబరు 30న డిజిటల్ చెల్లింపుల మీద ముఖ్యమంత్రుల కమిటీ వేశారు, దానికి కన్వీనర్ మన చంద్రబాబు నాయుడే. 2017 జనవరిలో ఇచ్చిన మధ్యంతర నివేదికలో ఆయన కమిటీ చిన్న వ్యాపారులకు స్మార్ట్‌ఫోన్ మీద 1,000 రూపాయల సబ్సిడీ ఇవ్వాలంది. 50,000 రూపాయలు, ఆపైన నగదు తీస్తే పన్ను వేయాలంది.

కాబట్టి రాజన్ వర్గానిది నిజమే, సంస్థ ఓపిగ్గా ఎనిమిదేళ్లు పునాది వేసింది. మోదీ వర్గానిదీ నిజమే, జనాన్ని ఆ బాట మీదకు తోసింది రాజకీయ నిర్ణయం. ఆ తోపుడు ఎంత మంది కూలీలను, చిరు వ్యాపారులను నొప్పించిందన్నది వేరే లెక్క, దాన్ని యూపీఐ విజయం ఖాతాలో వేసి మాఫీ చేయలేం. నా మటుకు నాకు, సంస్థ లేకుండా తోపుడు ఒక్కటే ఉండి ఉంటే జనం క్యూల్లోంచి నేరుగా పాత నోటుకే తిరిగిపోయేవాళ్లు అనిపిస్తుంది.

బయటి దేశాలు వేరే దారులు తొక్కాయి. కెన్యాలో 2007లో, ఫోన్లోనే డబ్బు పంపుకునే ఎం-పెసా మొదలుపెట్టింది సఫారికామ్ అనే ఫోన్ కంపెనీ. అక్కడి కేంద్ర బ్యాంకు అడ్డం పడకుండా చూస్తూ ఊరుకోవడమే పెద్ద నిర్ణయం. చైనాలో అలీపే, వీచాట్ పే ఎవరి రోడ్డు వాళ్లే వేసుకుని మహా వృక్షాలయ్యాయి. 2018 నాటికి సర్కారు మేల్కొని, బ్యాంకు ఖాతాలతో ముడిపడ్డ లావాదేవీలన్నీ ఒక ఉమ్మడి క్లియరింగ్ సంస్థ గుండానే పోవాలని కట్టడి చేసింది. బ్రెజిల్‌లో 2020 నవంబరులో పిక్స్ అనే చెల్లింపుల వ్యవస్థ తెచ్చింది, నడుపుతున్నది సాక్షాత్తు కేంద్ర బ్యాంకే. మనది ఈ మూడింటికీ మధ్యలో ఎక్కడో ఉంది.

పాత తలుపు మూయడం: ‘భూమి’ పాఠం

ఇక్కడ కర్ణాటకలోనే ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది. నాకు యూపీఐ కంటే ఇదే ఎక్కువ చెబుతుందనిపిస్తుంది.

2000 ప్రాంతంలో కర్ణాటక రెవెన్యూ శాఖ ‘భూమి’ అనే పథకం కింద సుమారు 67 లక్షల మంది రైతుల 2 కోట్ల భూమి రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించింది. దాన్ని నడిపించిన ఐఏఎస్ అధికారి రాజీవ్ చావ్లా. అంతకు ముందు రికార్డు గ్రామ లెక్కాధికారి చేతిలో ఉండేది. మన కరణం అనుకోండి. ఆయన దయ ఉంటేనే కాగితం. కొత్త పద్ధతిలో తాలూకా ఆఫీసు కౌంటర్లో 15 రూపాయలు కడితే ప్రింటు చేతికొచ్చేది.

కంప్యూటర్లు కొనడం ఎవరైనా చేస్తారు. ‘భూమి’లో అసలు పట్టు ఎక్కడుందంటే, రికార్డులు ఎక్కించిన తర్వాత చేతిరాత పహాణీ చెల్లదని ప్రకటించారు. పాత తలుపు మూసేశారు. అది మూయకపోతే కంప్యూటర్ ఒక మూల దుమ్ము పట్టి ఉండేది, పని కరణం అరుగు మీదే జరిగేది. డిజిటల్ వ్యవహారాల్లో నాయకత్వం అంటే శంకుస్థాపన ఫోటో కాదు, ఎవరి అధికారం ఆగిపోతుందో తెలిసి కూడా ఆ సంతకం పెట్టడం.

అయితే మూసిన తలుపు వెనకాల ఎవరు చిక్కుకున్నారన్న ప్రశ్న కూడా వచ్చింది. రికార్డు ఒకచోట చేరితే రైతుకు సులువే, భూమి కొనాలనుకునే పెద్ద కంపెనీకి ఇంకా సులువు. బెంగళూరు చుట్టుపక్కల జరిగింది అదేనని కొందరు పరిశోధకులు వాదించారు. ఊళ్లో అందరికీ తెలిసి, కాగితం మీద మాత్రం లేని కౌలు హక్కులు, అనుభవ హక్కులు కంప్యూటర్లోకి ఎక్కలేదు. ఎక్కనిది లేనట్టే లెక్క అయిపోయింది.

మనవాళ్లకు ఈ-సేవ గుర్తుండే ఉంటుంది. కరెంటు బిల్లు నుంచి జనన ధ్రువపత్రం దాకా ఒకే కౌంటర్. అది పాత తలుపు మూయలేదు, పక్కన కొత్త తలుపు తెరిచింది. నొప్పి తక్కువ. వేగం కూడా అంతే.

ఉచితం అంటే ఎవరి ఖర్చు?

మా అన్న 60 రూపాయల్లో ఒక్క పైసా కూడా కోత లేకుండా 60 అందుకున్నాడు. ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. కార్డు గీస్తే దుకాణదారు చెల్లించే కోతను ఎండీఆర్ అంటారు. చిన్న వ్యాపారి డెబిట్ కార్డు తీసుకుంటే అది 0.40 శాతం దాటకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. అంటే 60 రూపాయల మీద 24 పైసలు. 2020 జనవరి 1 నుంచి కేంద్రం రూపే డెబిట్ కార్డుకు, యూపీఐకి ఆ కోత సున్నా చేసేసింది.

మరి యాప్, బ్యాంకులు, ఎన్‌పీసీఐ సర్వర్ల ఖర్చు? దానికి కేంద్రం బడ్జెట్లోంచి ప్రోత్సాహకం ఇస్తోంది. 2024-25 పథకంలో చిన్న వ్యాపారికి వచ్చే 2,000 రూపాయల లోపు చెల్లింపు మీద 0.15 శాతం ఇచ్చారు. మన ఇడ్లీ మీద 9 పైసలు. ఆ 9 పైసలనూ బ్యాంకులు, యాప్‌లు పంచుకోవాలి. ఆ ఏడాదికి మొత్తం కేటాయింపు 1,500 కోట్లు.

సున్నా ఛార్జీని సమర్థించేవాళ్ల మాట ఇది. నోటు ముద్రించడానికి, మోయడానికి, కాపలాకి అయ్యే ఖర్చు ఎవరైనా ఇడ్లీ బండివాడి దగ్గర వసూలు చేస్తున్నారా? చెల్లింపు కూడా వీధి దీపం లాంటిదే. పైగా అర శాతం కోత పెట్టినా బండివాళ్లు మర్నాడే స్కానర్ పీకేస్తారు. పీకేయడం ఎంత తేలికో ఆ జులైలో కళ్లారా చూశాం కాబట్టి ఈ వాదనకు బలముంది.

అవతలివాళ్ల మాట వేరు. ఆదాయం లేని చోట డబ్బు పోసి నిలబడగలిగేది లోతైన జేబులున్న కంపెనీలే. అందుకే యూపీఐలో దాదాపు 80 శాతం లావాదేవీలు రెండే రెండు యాప్‌ల చేతిలో ఉన్నాయి. ఏ యాప్‌కూ 30 శాతం మించకూడదని ఎన్‌పీసీఐ 2020లోనే నిబంధన తెచ్చింది. కానీ అమలు గడువు జరిగి జరిగి 2026 డిసెంబరు ఆఖరుకి చేరింది. ప్రజల రోడ్డు వేశాం, బస్సులు మాత్రం ఇద్దరివే. 2025 జులైలో రిజర్వు బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా కూడా ఈ ఖర్చు ఎవరో ఒకరు భరించక తప్పదన్న ధోరణిలో మాట్లాడారు. అంతకు నెల ముందే, యూపీఐ మీద ఛార్జీ వేస్తారన్న ప్రచారాన్ని ఆర్థిక శాఖ కొట్టిపారేసింది. బ్రెజిల్ మధ్యే మార్గం పట్టింది. మామూలు మనుషులకు పిక్స్ ఉచితం, దుకాణాల దగ్గర బ్యాంకులు కొంత తీసుకోవచ్చు.

ఇంకో ఇబ్బంది, ఒకే రోడ్డు. 2025 ఏప్రిల్ 12న యూపీఐ దేశమంతటా మొరాయించినప్పుడు పక్కదారి లేదు. ఎన్‌పీసీఐకి పోటీగా ఇంకో సంస్థను తేవాలని రిజర్వు బ్యాంకు 2020లో దరఖాస్తులు పిలిచింది గానీ అది ముందుకు సాగలేదు.

నోటీసు లెక్క ఎలా వేస్తారు?

ఇక అందరికీ టెన్షన్ పెట్టిన భాగం. జీఎస్టీలో పరిమితి లాభం మీద కాదు, టర్నోవర్ మీద. అంటే మొత్తం అమ్మకం. కర్ణాటకలో సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు. సేవలకు 20 లక్షలు. టిఫిన్ వడ్డించడం సేవ కింద వస్తుంది, సరుకు కింద కాదు. ఈ ఒక్క సంగతి తెలియక ‘నాకు 40 లక్షల దాకా ఏమీ లేదు’ అనుకున్న టిఫిన్ సెంటర్లు ఎన్నో.

రోజుకు 6,000 అమ్మే బండి ఏడాదికి 300 రోజులు నడిస్తే 18 లక్షలు. పరిమితిలోపే. అదే బండి 7,000 అమ్మితే 21 లక్షలు, రిజిస్టర్ కావాలి. రోజుకు ఇరవై ప్లేట్ల తేడా కూడా లేదు.

ఇప్పుడు కాండిమెంట్స్ షాపు చూద్దాం. రోజు అమ్మకం 12,000, ఏడాదికి 350 రోజులు. మొత్తం 42 లక్షలు. ఇందులో రోజుకు 5,000 పాల ప్యాకెట్లవి అనుకుందాం. పాల మీద జీఎస్టీ లేదు. అలాంటప్పుడు పాల 17.5 లక్షలు తీసేస్తే మిగిలేది 24.5 లక్షలే కదా, పరిమితి దాటలేదు కదా? దాటినట్టే. పరిమితి చూసేటప్పుడు పన్ను లేని సరుకునూ కలిపి లెక్కేస్తారు. పన్ను కట్టేది మాత్రం 24.5 లక్షల మీదే. అచ్చంగా పాలో, కూరగాయలో మాత్రమే అమ్మేవాడికి ఎంత టర్నోవర్ ఉన్నా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పక్కన నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు పెట్టుకున్నాడా, మొత్తం లెక్కలోకి వస్తాడు.

ఈ షాపాయన ముందే రిజిస్టరై కాంపోజిషన్ స్కీమ్ తీసుకుని ఉంటే ఒక శాతం, అంటే ఏడాదికి 24,500 రూపాయలతో పోయేది. చిన్నవాళ్ల కోసమే పెట్టిన సులువు దారి అది. కానీ గడిచిపోయిన ఏళ్లకు ఆ దారి వర్తించదు. సరుకంతా 18 శాతం శ్లాబుదే అనుకుంటే ఏడాదికి 4.41 లక్షలు, నాలుగేళ్లకు 17.64 లక్షలు, పైన వడ్డీ, జరిమానా. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును మినహాయించుకునే వీలు పాత కాలానికి దాదాపు ఉండదు. ఆయన ఏడాది మిగులే నాలుగు లక్షలు ఉంటుందో ఉండదో. కొందరికి లక్షల్లో నోటీసులు రావడం వెనకున్న లెక్క ఇదే.

పైగా యూపీఐలో వచ్చిందంతా అమ్మకం కాదు. అదే ఖాతాకు తమ్ముడు పంపిన డబ్బు వస్తుంది, చీటీ పాట డబ్బు వస్తుంది. ‘అన్నా, 500 ఫోన్‌పే చేస్తా, క్యాష్ ఇవ్వు’ అనేవాళ్లు రోజుకు నలుగురు. కంప్యూటర్‌కు ఇవన్నీ ఒకే రంగులో కనపడతాయి.

శాఖ వైపు మాట కూడా తేలిగ్గా తీసేయలేనిది. చట్టం కొత్తది కాదు, ఈ పరిమితులు 2019 ఏప్రిల్ నాటికే ఉన్నాయి. పక్క షాపువాడు రిజిస్టరై పన్ను కడుతుంటే ఇతను కట్టకపోవడం అన్యాయం కాదా? అమ్మకం నగదులో జరిగినా పన్ను పన్నే, యూపీఐ సాక్ష్యం మాత్రమే. ‘నో యూపీఐ’ బోర్డు పెట్టినంత మాత్రాన బాధ్యత పోదు. నోటీసు అంటే తుది డిమాండు కాదు, సంజాయిషీ అడగడం. ఈ వాదనలో చట్టపరంగా లోపం నాకు కనిపించదు. ఎటొచ్చీ, నాలుగేళ్లు ఊరుకుని ఒకేసారి తలుపు కొట్టడం దగ్గరే పేచీ.

ఇంకో సంగతి. 2017 బడ్జెట్లో ఆదాయపు పన్ను వైపు నుంచి డిజిటల్ వ్యాపారికి బహుమతి ఇచ్చారు. లెక్కల పుస్తకాలు లేని చిన్న వ్యాపారి టర్నోవర్లో 8 శాతాన్ని ఆదాయంగా చూపాలి. డబ్బు డిజిటల్‌గా వస్తే 6 శాతం చాలు. 40 లక్షల మీద 3.2 లక్షలకు బదులు 2.4 లక్షలు. ఒక పన్ను శాఖ స్కానర్ పెట్టినందుకు భుజం తట్టింది. ఇంకో పన్ను శాఖ అదే స్కానర్ చూసి నోటీసు పంపింది. రెండూ చట్టప్రకారమే.

తలుపు ఎవరిది తట్టాలి?

వ్యాపారులు జులై 25న బంద్ అన్నారు. కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి ఈ నోటీసులు రాష్ట్రానివే, కేంద్రానివి కావన్నారు. జీఎస్టీ నిబంధనలు చేసేది కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే కౌన్సిల్ అని రాష్ట్రం వైపు జవాబు. 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో కూర్చుని, రిజిస్టర్ చేసుకుంటే పాత బకాయిల జోలికి రాబోమని, పన్ను లేని సరుకుల మీద వసూలు ఉండదని హామీ ఇచ్చారు. బోర్డులు మెల్లగా దిగాయి.

గొడవ సద్దుమణిగింది గానీ ఒక ప్రశ్న అలాగే ఉండిపోయింది. చెల్లింపు కోసం ఇచ్చిన సమాచారాన్ని పన్ను కోసం చదవొచ్చా? ఏ పని కోసం తీసుకున్న సమాచారాన్ని ఆ పనికే వాడాలన్నది గోప్యత సూత్రాల్లో ఒకటి. ఈ సూత్రం మన దేశంలో బలం పుంజుకున్నదీ బెంగళూరు మనిషి వల్లే. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పటికి ఆయన ఎనభై దాటినవారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ చెల్లుతుందంటూనే ప్రైవేటు కంపెనీలు అడగడానికి వీల్లేదంది. ఆధార్‌ను నడిపించిన నందన్ నీలేకణిదీ ఈ ఊరే, ప్రశ్నించిన పుట్టస్వామిదీ ఈ ఊరే. ఇందులో నాకు ఏదో తృప్తి ఉంది.

2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కంపెనీలను గట్టిగానే కట్టేసింది, సర్కారు సంస్థలకు మాత్రం మినహాయింపుల ద్వారం తెరిచే ఉంచింది. పన్ను శాఖకు బ్యాంకు లెక్కలు అడిగే అధికారం ఏ దేశంలోనైనా ఉంటుంది, యూపీఐ రాకముందూ ఉంది. తేడా ఎక్కడంటే, ఒకప్పుడు అనుమానం వచ్చాక ఖాతా తీసేవాళ్లు, ఇప్పుడు ఖాతాలన్నీ చదివాక అనుమానం పుడుతోంది.

కొత్త ప్రయోగాల్లో సర్కారు ఇంకాస్త దూరంగా నిలబడి చూస్తోంది. 2021 ఆఖర్లో కేంద్ర వాణిజ్య శాఖ చొరవతో పుట్టిన ఓఎన్‌డీసీ కూడా లాభం పంచుకోని కంపెనీయే, అది ఆన్‌లైన్ అమ్మకాలకు ఉమ్మడి రోడ్డు. బెంగళూరులో ఆటోవాళ్ల యూనియన్‌తో కలిసి జస్‌పే అనే కంపెనీ తెచ్చిన నమ్మ యాత్రి ఆ రోడ్డెక్కింది. కిరాయిలో కమీషన్ లేదు, డ్రైవరు రోజుకింత అని కడతాడు. నేను ఎక్కిన ఆటోల్లో సగం మంది దాన్ని మెచ్చుకున్నారు, మిగతా సగం మీటరు మీద ముప్పై ఎక్కువ అడిగారు.

ఆగస్టు రెండో వారానికి మా వీధి చివర స్కానర్ మళ్లీ వచ్చింది. అట్టముక్కనే వెనక్కి తిప్పి, దాని మీద కొత్త కాగితం అంటించాడు అన్న. స్కాన్ చేస్తే తెర మీద వచ్చిన పేరు ఆయనది కాదు.

“బామ్మర్ది ఖాతా సామీ” అన్నాడు చట్నీ పోస్తూ.

“ఆడిటర్ చెప్పాడా అన్నా ఇట్లా చేయమని?”

“ఆడిటర్ రిజిస్టర్ చేసుకోమన్నాడు. బామ్మర్దే ఈ ఉపాయం చెప్పినాడు.”

ఆ నెలలో దేశం మొత్తం మీద యూపీఐ లావాదేవీలు మొదటిసారి 2,000 కోట్లు దాటాయి. మా ఇడ్లీలు కూడా అందులోనే ఉన్నాయి, బామ్మర్ది పేరు మీద.